ప్యాకెట్ మీద 60 అని ఉంది, 60 ఏమిటో మాత్రం లేదు: గామా విత్తనాల కిట్ రివ్యూ

కోఠిలో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక పాత దుకాణంలో ఈ కిట్ కొన్నాను. అట్టపెట్టె మీద ఆకుపచ్చ మొలక బొమ్మ, దాని వెనక పసుపు రంగులో రేడియేషన్ గుర్తు, కింద 'గామా కిరణాల విత్తనాల కిట్, 8 నుంచి 10వ తరగతి వరకు' అని రాసి ఉంది. ధర 480. కాసేపు బేరమాడితే 450కి ఇచ్చారు. నేను హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెబుతాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి ఏదైనా కొత్తగా చేద్దామని పట్టుబట్టారు. అగ్నిపర్వతంలోంచి నురగ రావడం, నిమ్మకాయతో బల్బు వెలిగించడం చూసీ చూసీ నాకూ విసుగొచ్చింది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇందులో విత్తనాలు మంచివి, కాగితం పనికిరానిది. విత్తనాల కోసం కొనండి. సూచనల కాగితాన్ని పెట్టెలోనే వదిలేయండి.

లోపల పెసలు ఐదు కవర్లు, ఆవాలు ఐదు కవర్లు ఉంటాయి. పెట్టెలో పెట్టే ముందే గామా కిరణాలు తగిలించిన విత్తనాలివి. ఎంత తగిలించారో చెప్పడానికి ఒక్కో కవరు మీద స్టాంపు వేసిన అంకె: 0, 10, 30, 60, 100. ఫిల్టర్ పేపర్లు, ఒక డ్రాపర్, ప్లాస్టిక్ స్కేలు కూడా ఇచ్చారు. పెట్రి డిష్‌లు మాత్రం రెండే. పది రకాల విత్తనాలకు రెండు డిష్‌లు ఏ లెక్కన ఇచ్చారో తెలియదు. మేము క్యాంటీన్ నుంచి ఐస్‌క్రీమ్ కప్పులు తెచ్చుకుని పని కానిచ్చాం.

ఇక ఆ అంకెల సంగతి. 0 అంటే కిరణాలు తగలనివని ఎవరికైనా అర్థమవుతుంది. 10 అంటే? పది ఏమిటి? కవరు మీద లేదు, పెట్టె మీద లేదు, కాగితంలో 'తక్కువ, మధ్యస్థం, ఎక్కువ' అని తప్ప ఇంకో ముక్క లేదు. మొదటి రోజే మా ముందు బెంచీ అమ్మాయి అడిగింది, "మేడం, యూనిట్ రాయకపోతే మాకు అర మార్కు కట్ చేస్తారు కదా, వీళ్లకి ఎవరు కట్ చేస్తారు?" అని.

ఇది అర మార్కు విషయం కాదు. విత్తనం ఎంత రేడియేషన్ తీసుకుందో ఈ రోజుల్లో గ్రే అనే యూనిట్‌లో చెబుతారు. కిలో పదార్థం ఒక జౌల్ శక్తిని తీసుకుంటే అది ఒక గ్రే. మన దేశంలో పాత వ్యవసాయ పరిశోధన పత్రాలు తిరగేస్తే ఎక్కువగా కిలోరాడ్ కనిపిస్తుంది. ఒక కిలోరాడ్ అంటే 10 గ్రేలు. అంటే కవరు మీది 60 అరవై గ్రేలైనా కావచ్చు, ఆరు వందల గ్రేలైనా కావచ్చు. పెసల విషయంలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 60 గ్రేలు తగిలిన పెసర గింజ మామూలు గింజలాగే పెరిగిపోతుంది, పిల్లలకు చూడటానికి ఏమీ దొరకదు. 600 అయితే కథ వేరు. మొక్కలు కాస్త పెరిగాక వాటి ఎత్తు చూసి ఇవి కిలోరాడ్లే అయి ఉండాలని అనుకున్నాను. దుకాణానికి ఫోన్ చేస్తే ఆయన, "మేడం, గవన్నీ కంపెనీ వాళ్లు ఏస్తరు, నేను ఉత్తగ అమ్ముత. ఆగుండ్రి, అడిగి చెప్త" అని, సాయంత్రానికల్లా తిరిగి చేసి కిలోరాడ్లేనని చెప్పారు. తిరిగి ఫోన్ చేశారు చూడండి, అందుకు దుకాణానికి మార్కులు వేయాల్సిందే. తప్పు చేసింది తయారుచేసినవాళ్లు.

600 గ్రేలు అని బోర్డు మీద రాశాక పిల్లలకు ఒక్క పోలిక చెప్పాను. మనిషి ఒంటి మొత్తానికీ ఒకేసారి నాలుగైదు గ్రేలు తగిలి, వైద్యం అందకపోతే సగం మంది బతకరు. ఈ చిన్న పెస గింజ దానికి వంద రెట్లకు పైగా తీసుకుని కూడా మొలకెత్తింది. క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా తొమ్మిదో తరగతిలో అది మామూలు విషయం కాదు. ఎండిన గింజలో నీరు చాలా తక్కువ, కణాలు విభజన ఆపేసి ఉంటాయి. మన ఎముక మజ్జలోనూ పేగుల్లోనూ కణాలు రాత్రీ పగలూ విభజన చెందుతూనే ఉంటాయి. దెబ్బ తేలిగ్గా తగిలేది అలాంటి చోటే.

పెట్టె మీద వేసిన ఆ పసుపు గుర్తు నాకు అసలు నచ్చలేదు. అది రేడియేషన్ వెలువరించే పదార్థం ఉన్నచోట పెట్టే హెచ్చరిక. ఈ పెట్టెలో అలాంటిది లేదు. సాధారణంగా ఇలాంటి పనికి కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే గామా కిరణాలు వాడతారు. వాటి శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. గింజలోని పరమాణు కేంద్రకాలను రేడియోధార్మికంగా మార్చడానికి ఆ శక్తి చాలదు. టార్చి వేసిన గోడ, టార్చి ఆపేశాక తనంతట తాను వెలగదు కదా, అంతే. కానీ గుర్తు చూడగానే భయపడతారు. పైగా కాగితంలో ఎర్ర అక్షరాలతో 'రేడియేషన్ ప్రమాదం, గ్లౌజులు తప్పనిసరి' అని ఒక లైను! ఎవరో పిల్లవాడు దాన్ని ఫొటో తీసి ఇంట్లో చూపించాడు. రాత్రి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్. "మేడం, మా బాబు చేత్తో ముట్టుకున్నాడంట, తలస్నానం చేయించమంటారా?" అని ఒక తల్లి అడిగారు. ఇక్కడ ఒక అదృష్టం ఏమిటంటే మా ఏరియాలో అణు ఇంధనం గురించి తెలిసినవాళ్లు సందుకొకరు ఉంటారు. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో పనిచేసి రిటైరైన ఒక తాతగారు, మనవడి ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టి గ్రూపును చల్లబరిచారు. నేను పది మెసేజ్‌లు టైప్ చేసినా రాని ఫలితం అది.

గ్లౌజులు అడగాల్సిన కారణం ఒకటుంది, దాన్ని మాత్రం వాళ్లు రాయలేదు. అమ్మే విత్తనాలకు బూజు మందు పట్టించి ఉండొచ్చు. పట్టించారా లేదా అన్నది పెట్టె మీద ఉండాలి, 'తినకూడదు' అని కూడా ఉండాలి. పెసలు చూస్తే పిల్లల చెయ్యి నోటి దాకా వెళ్లకుండా ఉంటుందా?

ఇప్పుడు అసలు ప్రయోగం. కాగితం చెప్పేది ఇది: విత్తనాలను తడి కాగితం మీద పెట్టండి, నాలుగో రోజు మొలకలు లెక్కపెట్టండి, శాతం రాయండి. ప్రయోగం పూర్తి. చివర ఒక గ్రాఫ్ బొమ్మ కూడా ఇచ్చారు. మోతాదు పెరిగేకొద్దీ మొలకల శాతం మెట్లు దిగినట్టు కిందికి వచ్చేస్తుంది.

మేము అలాగే లెక్కపెట్టాం. పెసల్లో 0 కవరు నుంచి 20కి 19 మొలిచాయి. 100 కవరు నుంచి 17. మధ్యలోవి ఆ చుట్టుపక్కలే. ఆవాల్లో అయితే తేడా పట్టుకోవడమే కష్టం. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఒకడు గ్రాఫ్ బొమ్మకు సరిపోయేలా అంకెలు సర్దేద్దామని సలహా కూడా ఇచ్చాడు. ఇంకొకడు "మేడం, రేడియేషన్ పని చేయలేదు, డబ్బులు వాపస్ అడుగుదామా" అన్నాడు.

వాపస్ అడగాల్సిన పని లేదు. విత్తనాలు సరిగ్గా పనిచేశాయి. పనిచేయనిది ఆ గ్రాఫే. గింజ నీళ్లు పీల్చుకుని ఉబ్బి వేరు బయటికి తోయడానికి కొత్త కణాలు పెద్దగా అక్కర్లేదు. గింజలో అప్పటికే ఉన్న కణాలు సాగితే చాలు. గామా కిరణాలు తగిలిన కణానికి డీఎన్‌ఏ తెగిపోయి ఉండొచ్చు, కానీ సాగడానికి అది అడ్డం కాదు. చిక్కంతా ఆ కణం రెండుగా విడిపోవాల్సి వచ్చినప్పుడే. 1960లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో పరిశోధకులు గోధుమ గింజలకు భారీ మోతాదు ఇచ్చి దీన్ని చూపించారు. ఒక్క కణం కూడా విభజన చెందకుండానే గింజలు మొలిచి, చిన్న మొక్కలై, కొన్ని రోజులు పెరిగి, అక్కడే ఆగిపోయాయి. వాటిని గామా మొలకలు అన్నారు. నాలుగో రోజున లెక్కపెట్టి ఇంటికి వెళ్లిపోతే అవన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టే రాసుకోవాలి.

అందుకని మొలకలన్నిటినీ కాగితం కప్పుల్లో కొబ్బరి పొట్టు, మట్టి కలిపి నాటించాను. కిటికీ పక్కన వరసగా పెట్టాం. పావురాల నుంచి కాపాడటానికి పాత దోమతెర కప్పాం (హైదరాబాద్‌లో మొక్కలు పెంచేవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు). రెండో వారం మొదలయ్యేసరికి ఇక స్కేలు అక్కర్లేకుండా తేడా తెలిసిపోయింది. పెసల్లో 0, 10 దాదాపు సమానంగా జానెడు ఎత్తుకు దగ్గరగా ఉన్నాయి. 30 కొంచెం తగ్గింది. 60 వాటిలో సగం. 100 కప్పుల్లో మొక్కలు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి, కాండం లావుగా, ఆకులు ముడతలు పడి, వాటి మీద లేత పసుపు మచ్చలతో ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది ఆకుల తేడా. పెసర మొక్కకు మొదట ఎదురెదురుగా రెండు మామూలు ఆకులు వస్తాయి, ఆ తర్వాతే మూడేసి ఆకుల రెమ్మలు. ఆ మొదటి రెండు ఆకులూ గింజలోనే మడతపెట్టి సిద్ధంగా ఉంటాయి. నానబెట్టిన పెస గింజను రెండుగా చీల్చి చిన్న భూతద్దం పెడితే కనిపిస్తాయి, మా పిల్లలు చూశారు. 100 కప్పుల్లో ఆ రెండు ఆకులూ ఎలాగో విచ్చుకున్నాయి. మూడాకుల రెమ్మ మాత్రం చాలా కప్పుల్లో రానే లేదు. అది రావాలంటే మొక్క కొనలో కొత్త కణాలు పుట్టాలి. పాత సరుకు అయిపోయింది, కొత్త సరుకు తయారయ్యే చోటు మూతబడింది. పుస్తకంలో కణ విభజన బొమ్మ ఎన్నిసార్లు గీయించినా బుర్రకెక్కని ఒక పిల్లవాడికి ఈ కప్పు చూడగానే విషయం తెలిసిపోయింది. 450 రూపాయలు నాకు అక్కడే వసూలయ్యాయి.

వేళ్లు కూడా కడిగి చూడండి. 60 నుంచి పైకి పక్క వేళ్లు బాగా తక్కువగా ఉన్నాయి. దీనికీ కాగితంలో చోటు లేదు.

ఆవాలు వేరే పాఠం చెప్పాయి. 100 కవరు ఆవ మొక్కలు, 0 కంటే కాస్త పొట్టిగా ఉన్నా, హాయిగా ఆకులు వేసుకుంటూ పోయాయి. 1,000 గ్రేలు తగిలినా అంతే. ఆవ జాతి మొక్కలు రేడియేషన్‌కు గట్టివని పేరు. మనం పోపులో వేసే ఆవ మొక్క అసలు రెండు జాతులు కలిసి పుట్టింది. రెండింటి క్రోమోజోములనూ మోస్తుంది కాబట్టి, ఒక జన్యువు చెడినా దాని పని చేసే ఇంకో ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. మరోవైపు ఉల్లిగడ్డ చాలా సున్నితం, దాని కణాల్లో డీఎన్‌ఏ పెద్ద మొత్తంలో ఉంటుంది. మన దేశంలో ఉల్లి, ఆలు నిల్వలో మొలకెత్తకుండా ఉండటానికి అనుమతించిన మోతాదు 0.02 నుంచి 0.2 కిలోగ్రే, అంటే 20 నుంచి 200 గ్రేలు. మా పెసల 10 కవరు 100 గ్రేలు, అందులో ఏ తేడా కనిపించలేదు. ఉల్లిగడ్డ కొనను నిద్రపుచ్చే మోతాదు ఎండు పెస గింజకు లెక్కే లేదు. పెసలనూ ఆవాలనూ పక్కపక్కన ఇవ్వాలన్న ఆలోచన ఎవరిదో గానీ చాలా తెలివైనది. అంత తెలివిగా విత్తనాలు ఎంచినవాళ్లే ఆ కాగితం రాశారంటే నమ్మబుద్ధి కాదు.

పెట్టె పక్కన ఇంకో మాట ఉంది: 'తక్కువ మోతాదుతో సూపర్ గ్రోత్!' తక్కువ రేడియేషన్ వల్ల మొలకలు కాస్త చురుగ్గా పెరిగాయని రాసిన పరిశోధనలు ఉన్నమాట నిజమే. అయితే అది ప్రతి పంటలోనూ, ప్రతిసారీ వచ్చే ఫలితం కాదు. మా 10 కప్పుల్లో ఒకటి రెండు మొక్కలు 0 కంటే ఎత్తుగా ఉన్నాయి, 0 కప్పుల్లోనూ కొన్ని వీటికంటే ఎత్తుగా ఉన్నాయి. దాన్ని సూపర్ గ్రోత్ అనడం అమ్ముకునే మాట. రేడియేషన్‌ను ఎరువుగా అమ్మాలన్న సరదా కొత్తదేమీ కాదు. 1959లో ఇంగ్లండ్‌లో మ్యూరియల్ హోవర్త్ అనే ఆవిడ అటామిక్ గార్డెనింగ్ సొసైటీ పెట్టి సభ్యులకు కిరణాలు తగిలిన విత్తనాలు పంచి పెరట్లో పెంచమన్నారు.

"మరి ఇదంతా మొక్కల్ని చెడగొట్టడమేనా మేడం?" అని ఒక అమ్మాయి అడిగింది. కాగితంలో ఈ ప్రశ్నకు జవాబు రాయాల్సింది, రాయలేదు. 1928లో లూయిస్ స్టాడ్లర్ బార్లీ గింజలకు ఎక్స్-రేలు పట్టించి, వాటి వంశంలో కొత్త లక్షణాలు వస్తాయని చూపించారు. రేడియేషన్‌తో కొత్త పంట రకాలు పుట్టించే దారి అప్పటినుంచే పడింది. ఇలా పుట్టిన రకాలు ప్రపంచంలో మూడు వేలకు పైగా ఉన్నాయి. ట్రాంబేలోని బాబా అణు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన టీఏజీ-24 వేరుశనగ ఈ దారిలోదే. మన పాలమూరు, నల్లగొండ వైపు పిల్లలకు ఇంకా దగ్గరగా చెప్పాలంటే ఆముదం ఉంది. థర్మల్ న్యూట్రాన్లు (నెమ్మదిగా కదిలే న్యూట్రాన్లు) తగిలించిన ఆముదం గింజల నుంచి ఎంపిక చేసిన అరుణ రకం, దాదాపు తొమ్మిది నెలల పంటను నాలుగైదు నెలలకు దించింది. వర్షం మీద బతికే చేలో అదెంత తేడానో ఆ అమ్మాయికి నేను చెప్పక్కర్లేదు, వాళ్ల తాతది అచ్చంపేట దగ్గర మెట్ట పొలమే.

అయితే ఆ మంచి లక్షణాలు మొదటి తరంలో దొరకవు. కిట్‌లోని మొక్కలో కనిపించే ముడతలు, మచ్చలు, పొట్టితనం చాలావరకు నేరుగా తగిలిన దెబ్బలు. వారసత్వంగా వచ్చే మార్పులు ఎక్కువగా చాటున ఉండిపోయి, ఆ మొక్క కాయల్లోని గింజలు నాటినప్పుడు రెండో తరంలో బయటపడతాయి. ఆకుపచ్చదనం లేని తెల్లటి మొలకలు వాటిలో తేలిగ్గా గుర్తుపట్టగలిగేవి. పెసర రెండు నెలల పంట కాబట్టి ఒకే విద్యా సంవత్సరంలో రెండు తరాలు చూడొచ్చు. అందుకే పెసలు ఇచ్చి ఉంటారని నా ఊహ. కానీ 'మొక్కలను పారేయకండి, గింజలు దాచండి' అన్న ఒక్క వాక్యం ఎక్కడా లేదు! మేము 30, 60 కప్పుల్లో గట్టిగా నిలబడినవాటిని కుండీల్లోకి మార్చి స్కూలు డాబా మీద పెట్టాం. ఒక్కో మొక్క గింజలు విడివిడిగా కవర్లలో పెట్టించబోతున్నాను, కలిపేస్తే ఏ తెల్ల మొలక ఎవరి వంశమో తెలియదు.

తయారీదారుకు ఇంకో రెండు ఫిర్యాదులు. ఒకటి, కిరణాలు ఏ రోజు తగిలించారో పెట్టె మీద తేదీ లేదు. కిరణాలు తగిలాక ఎండు గింజ దాచినన్నాళ్లూ దానిలో దెబ్బ అలాగే ఆగి ఉండదు. తేమ, గాలి తగిలే తీరును బట్టి నిల్వలోనే పెరగొచ్చు. కోఠి అటక మీద రెండు వేసవులు గడిపిన పెట్టె, నిన్న వచ్చిన పెట్టె ఒకే ఫలితం ఇస్తాయని అనుకోవడానికి లేదు. రెండు, 0 కవరులోని పెసలు మిగతావాటికంటే కంటికి కాస్త పెద్దగా, మెరుస్తూ కనిపించాయి. స్కూలు త్రాసు మీద తూస్తే నిజంగానే బరువెక్కువ. పోల్చడానికి ఇచ్చే గింజలు అదే సంచిలోంచి రావాలి. లేకపోతే ఎత్తులో తేడా రేడియేషన్‌ది ఎంత, గింజ బలం ఎంత అన్నది ఎవరు చెప్తారు? 30కీ 0కీ మధ్య తేడాను మా చార్టులో పెద్దగా చెప్పుకోకపోవడానికి కారణం ఇదే. 60, 100 దగ్గర మాత్రం ఆ అనుమానానికి చోటు లేనంత తేడా ఉంది.

ఇన్ని చెప్పాక కూడా మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర వేస్తాను. కోబాల్ట్ మూలం దగ్గరికి స్కూలు టీచరు పిడికెడు పెసలు పట్టుకుని వెళ్లే వీలు లేదు. ఆ గింజలు ఇలా చేతికి రావడమే గొప్ప. ఆరో తరగతిలోపు పిల్లలకు వద్దు, వాళ్లకు రెండు వారాలు ఆగే ఓపిక ఉండదు. టీచరు తోడు లేకుండా ఇంట్లో చేసుకునేవాళ్లకు ఆ కాగితంతో అయోమయమే మిగులుతుంది. కొనేవాళ్లు అదనంగా ఐస్‌క్రీమ్ కప్పులు, కొబ్బరి పొట్టు, దోమతెర తెచ్చుకోండి. కవర్ల మీద అంకె పక్కన కిలోరాడ్ అని పెన్నుతో రాయండి. నాలుగో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి, మూడాకుల రెమ్మ వచ్చాక ఇంకోసారి కొలవండి.

దుకాణంలో ఇవన్నీ రాసిచ్చి వచ్చాను. ఆయన చదివి, "ఈసారి లాట్ వచ్చినప్పుడు తేదీ ఎయ్యమంట మేడం, ఆ పసుపు గుర్తు మాత్రం తియ్యరు, అది చూసే కొంటున్నరు" అన్నారు. వేరుశనగ కవర్లు కూడా పెట్టించమని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు.